చెప్పుతో తోసిన ముక్క

అమ్మా, సలాం. జ్వరం పూర్తిగా తగ్గింది, బెంగ పెట్టుకోకు. నన్ను కుట్టు మిషన్ మీంచి తీసి కుట్టిన బట్టల చెకింగ్‌లో వేశారు.

అప్పుడే సంబరపడకు, ముందు ఇది విను. ఇప్పుడు నా భోజనం సూపర్‌వైజరమ్మల బెంచీ మీద. నిన్న మధ్యాహ్నం తింటుంటే చేతిలోంచి రొట్టె ముక్క జారి కింద పడింది. పడిన ముక్కని దులిపి తినాలి, షైతానుకి వదలకూడదు, అల్లా ఇచ్చే బర్కత్ ఏ ముక్కలో ఉందో మనకేం తెలుసని నాన్న చిన్నప్పటి నుంచీ చెప్పిందేగా. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వదల్లేదు. నిన్న మాత్రం వాళ్ళంతా చూస్తున్నారని సిగ్గేసి, బెంచీ కిందికి తోసేశాను. చెప్పుతో తోశానమ్మా!

ఊడ్చే పెద్దమ్మ వచ్చి, నడుం పట్టుకుని వంగి ఆ ముక్క తీసింది. "ఇన్నాళ్ళూ నువ్వు కూర్చున్న చోట నాకు చీపురు పెట్టే పనే ఉండేది కాదు తల్లీ" అంది. తిట్టినా బాగుండేది. ఇవాళ అందరి ముందే పళ్ళెం వేలితో తుడుచుకుని తిన్నాను, అల్‌హమ్దులిల్లా అని పైకే అన్నాను. అయినా మనసు కుదుటపడలేదు.

మేక ఈనిందా? తమ్ముడి కళ్ళజోడు బాగు చేయించారా? నా పాత దుప్పటి ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. తమ్ముడికి నా దువాలు.

నాన్నా, అమ్మకి ఈ కార్డు చదివి వినిపిస్తున్నది నువ్వేనని తెలుసు. నీ పేరున రాయడానికి నాకు మొహం చెల్లలేదు.