దువ్వెనలో వచ్చింది

అవ్వా,

"జుట్టు ఊడగొట్టే కంపెనీ పని నీకొద్దు, కుందారపల్లికి వచ్చేయమ్మా" అన్నావు కదా. తప్పు కంపెనీది కాదు, నాదే. షిఫ్టు బస్సు పోతుందని రోజూ తడి జుట్టునే ముడేసి కంపెనీ టోపీలో కుక్కినాను. అందుకే జుట్టు రాలింది, కొనలు చీలిపోయినాయి.

ఇప్పుడు సాయంత్రమే తలకు పోసుకుని, బాగా ఆరినాకే జడ వేస్తాను. చీలిన కొనలు నా గదిలో ఉండే సుగంధక్క రెండు అంగుళాలు కత్తిరించింది. శుక్రవారం కాదులే, తిట్టొద్దు.

నన్ను హోసూరులోనే ఉండనీ అవ్వా.

రాలిన జుట్టంతా గోడసందులో దాచి, స్టీలు సామాన్ల ఆయనకిచ్చి గిన్నె తీసుకుంటావు కదా. ఈ నెల నా దువ్వెనలో వచ్చిందంతా ఈ కవర్లో పెట్టినాను. చూడు. దీనికి గిన్నె కాదు కదా, పిన్నీసు కూడా ఇవ్వడు.

నీ మనవరాలు