కొత్త కుర్చీలు వద్దన్నాం

చెల్లికి,

ఇక్కడ అందరం కులాసా. అంటే, మా సేవాసంఘం కమిటీలో ఇంకా ఎవరి మీదా ఎవరూ చెయ్యి చేసుకోలేదు. నువ్వూ పిల్లా బాగున్నారనుకుంటాను. నా నడుము ఎలా ఉందని అడిగావు. వంగనంటోంది. దానికీ నా బుద్ధే వచ్చింది.

పెద్ద గ్రాంటు సంగతి రెండుసార్లు అడిగావు. అది వస్తే మేనేజరు పని నీదేననీ, పిల్లతో ఇక్కడికి వచ్చేస్తావనీ మనం అనుకున్నదే. కాబట్టి మొత్తం చెబుతాను.

ఆ గ్రాంటు ఒక కంపెనీది, కొత్త చక్రాల కుర్చీలు ఇస్తానంది. కుర్చీల వెనక వాళ్ల పేరు, వేదిక మీద ఫోటోలు. ఒక చిన్న ట్రస్టు మా రిపేరు షెడ్డుకు టైర్లు, బేరింగులు, మెకానిక్ జీతం ఇస్తానంది. రెండిటికీ అర్జీ పెట్టొచ్చుగా అంటావు. కుదరదు. మా మనుషులంతా ఏడాదిపాటు పంపకంలోనే ఉండాలని కంపెనీ షరతు. షెడ్డుకు తాళమే.

ఊడిన చక్రానికి ఏ దాతా రిబ్బను కట్టడు. కిందటిసారి పంచిన కుర్చీలు మా షెడ్డులో తిరగబడి ఉన్నాయి. వాటి మనుషులు మంచాల మీద ఉన్నారు. ఫోటోలు మాత్రం ఎవరి హాల్లోనో నిటారుగా వేలాడుతున్నాయి. దీన్ని సేవ అంటే నేనొప్పుకోను.

మా అధ్యక్షుడు, రిటైరైన డాక్టరు, "ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుతావేంటమ్మా?" అన్నారు.

"వచ్చేది లక్ష్మి కాదు డాక్టరుగారూ, ఫోటోగ్రాఫరు."

"అయితే నన్నూ ఓ పక్కన నిలబెట్టండి సార్, పెళ్లిచూపులకి పనికొస్తుంది," అన్నాడు మెకానిక్.

ఓట్లు సమానంగా చీలాయి. మిగిలింది నేనొక్కదాన్నే. డాక్టరుగారు నా వైపు వంగి, "మీ చెల్లెలు వస్తుందన్నావుగా, చూసుకో మరి," అన్నారు మెల్లగా. మంచికే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కొత్త కుర్చీలు వద్దని చెయ్యెత్తాను.

ఇంతసేపూ చెప్పలేకపోయింది ఇదీ: ఆ క్షణంలో మంచాల మీదున్నవాళ్లు నాకు గుర్తు రాలేదు. చెల్లెలి కోసం ఓటేసిందని రేపెవరైనా అంటారన్నదే బుర్రలో తిరిగింది. నిర్ణయం సరైనదే, దాని మీద ఎవరితోనైనా వాదిస్తాను. కానీ నా పేరుకు మచ్చ రాకుండా చూసుకుని, దాని ఖరీదు నీ చేత కట్టించాను.

అక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే పిల్లను తీసుకుని వచ్చెయ్. ముందు గదిలో పుస్తకాలు తీయించి మంచం వేయిస్తాను. పని మాత్రం నువ్వే వెతుక్కోవాలి. రేపు మళ్లీ ఓటు పెట్టినా ఇలాగే చెయ్యెత్తుతాను. ఈసారి ముందు నీకు చెప్పి ఎత్తుతాను.

ఇట్లు,
నీ తిట్లకు ఎదురుచూసే
అక్క