తన ఓటు తనకు

మంగళవారం, తాండూరు.

ప్రజాస్వామ్యం పాఠం అయ్యాక, ఎనిమిదో తరగతి పిల్లలను రహస్య ఓటింగుతో క్లాస్ లీడర్‌ను ఎన్నుకోమన్నాను. అట్టపెట్టెలో చీటీలు వేశారు. మహేశ్ ఒక్క ఓటు తేడాతో గెలిచాడు. ఓడిన శ్రావణి గొర్లకాపరి కూతురు, క్లాసులో అందరికంటే ధైర్యంగా మాట్లాడుతుంది.

బడి వదిలాక, "బాధగా ఉందా?" అని అడిగాను.

"లేదు టీచర్. నేను గూడ మహేశ్‌కే ఏసిన."

"అదేంటి, ఎందుకు?"

"ఎవలకు వాళ్లే ఓటేసుకుంటరా? సిగ్గనిపియ్యదా?"

ఆ ఓటు తనకే వేసుకుని ఉంటే గెలిచేది. అలా వేసుకోవచ్చని నేను చెప్పనే లేదు. చెప్పాల్సిన సంగతని తోచలేదు. మహేశ్ తనకు వేసుకున్నాడా? రహస్య ఓటు కదా, అడగకూడదు. అయినా తెలుసుకోవాలని ఉంది.

తప్పు నాదే కాబట్టి, రేపు మళ్లీ ఎన్నిక పెడతానన్నాను.

"వద్దు టీచర్. లెక్కవెట్టినంక మారుస్తే గది ఎన్నికెట్లయితది? వచ్చేసారి నాకు నేనే ఏసుకుంట."

సంచి భుజాన వేసుకుని బస్సు కోసం పరుగెత్తింది. నేను చెప్పిన పాఠం బాగానే వంటబట్టింది. ఆ సిగ్గు మాత్రం ఆమెకు ఎవరు నేర్పారో, నా పుస్తకంలో ఎక్కడా లేదే...