ఊపిరి బిగపట్టిన నాన్న

మంగళవారం, రాత్రి

ఈమధ్య పేర్లు మరిచిపోతున్నాడని నాన్నని మా ల్యాబ్‌కి తీసుకెళ్ళి, తలకి రక్తవేగం కొలిచే డాప్లర్ నేనే పెట్టాను. అవసరమైనప్పుడు మెదడు రక్తనాళాలు విప్పారి ఎక్కువ రక్తం పంపగలవా అన్నదే పరీక్ష. పోయిన వారం ఎమ్మారైలో నాళాలన్నీ బాగానే కనిపించాయి. కానీ కాలువ కనిపించినంత మాత్రాన శివారు పొలానికి నీళ్ళు ఎక్కినట్టు కాదుగా.

"కాసేపు ఊపిరి ఆపు నాన్నా" అన్నాను. ఊపిరి ఆపితే పెరగాల్సిన రక్తవేగం తెరమీద పడిపోయింది. గాభరాగా నాన్న వైపు తిరిగాను. తీరా చూస్తే, చిన్నప్పుడు బందరు కాలువలో మునకేసినట్టు, ఛాతీ నిండా గాలి పీల్చి బిగబట్టి ఉన్నాడు. అలా బిగిస్తే ఎవరికైనా పడిపోతుంది.

"మునగొద్దు, మామూలుగా ఆపితే చాలు."

ఈసారి తెరమీది గీత మెల్లగా లేచింది, కాలువ లాకు తలుపులెత్తాక నీళ్ళు లేచినట్టు. యంత్రంలోంచి వినిపించిన ఆ రక్తపు హోరు ఇంకా నా చెవుల్లోనే ఉంది. వింటూ నేనూ ఊపిరి ఆపేశాను.

నాన్న కళ్ళు తెరిచి, "అవతలి గట్టుకి వచ్చేశామా అమ్మాయ్?" అన్నాడు.

సరదాకే అన్నాడనుకుంటాను. మొహంలో నవ్వు మాత్రం లేదు. అది తేల్చే యంత్రం మా ల్యాబ్‌లో లేదు.

"వచ్చేశాం నాన్నా" అని, చెయ్యి పట్టుకుని బల్ల దింపాను.