ఐదో బల్ల బకెట్

మార్చి 5, బుధవారం

భస్మ బుధవారం. పొద్దున్నే చర్చికి వెళ్లి నుదుట బూడిద పెట్టించుకుని అట్నుంచి అటే ల్యాబ్‌కి వచ్చాను. డేల్ తలుపు దగ్గరే ఆపాడు. ఏమ్మా కార్లా, తల పొయ్యిలో పెట్టావా, కడుక్కునిరా, లేకపోతే పిల్లలు నిన్ను కూడా బల్ల మీద పడుకోబెడతారు అన్నాడు. ల్యాబ్ మేనేజర్ ఆయన. పదకొండేళ్లుగా ఇలాగే మాట్లాడతాడు. నేను కడుక్కోలేదు.

ఎనిమిది బల్లలు, ఎనిమిది మంది. తమ శరీరాలను ఈ మెడికల్ కాలేజికి రాసిచ్చి పోయినవాళ్లు. పేర్లు మాకు చెప్పరు. వయసు, చేసిన పని, పోయిన కారణం, అంతే. ముఖాలకూ చేతులకూ తడిగుడ్డలు చుట్టి ఉంటాయి. అవి ఆరిపోకుండా చూడడం నా పని.

రెండో పని బకెట్లు. ప్రతి బల్ల కిందా ఒక తెల్ల బకెట్, దాని మీద బల్ల నంబరు. విద్యార్థులు కోసి తీసిన ప్రతి ముక్కా, కాస్త కొవ్వయినా సరే, ఆ మనిషి బకెట్‌లోనే పడాలి. ఏడాది చివర మనిషినీ బకెట్‌లో ఉన్నదాన్నీ కలిపి దహనం చేసి బూడిద ఇంటివాళ్లకు ఇస్తారు. ఒకరిది ఒకరిలో కలవకూడదు. ఈ ఒక్క నియమం మీద డేల్ కూడా జోకులు వెయ్యడు.

మార్చి 6, ఉదయం 5.30

మళ్లీ కుడి పిడికిలి బిగుసుకుని ఉంది. ఎడమ చేత్తో ఒక్కో వేలూ విప్పుకున్నాను. మా ఆయన కర్ట్ పోయిన దగ్గర్నుంచీ ఇంతే.

మార్చి 18, మంగళవారం

నేల తుడుస్తూ పిల్లలకి అనాటమీ చెప్పే డాక్టర్ ఓస్బీ పాఠం విన్నాను. ఎప్పుడూ వింటూనే ఉంటాను. నాది హైస్కూలు చదువు. అయినా పదకొండేళ్లు వింటే కొంత ఎక్కుతుంది. కండరం లాగుతుంది, తోయడం దానికి రాదు. చెయ్యి మడవడానికి ఒక కండ లాగితే, చాపడానికి వెనక ఉన్న ఇంకో కండ లాగాలి. ఒకటి లాగినప్పుడు రెండోది వదలాలి. ఇదంతా నాకు తెలిసిందే.

ఇవాళ కొత్తది చెప్పింది. పడవని ఒడ్డుకి లాగేటప్పుడు తాడుని ఎలా లాగుతారో చూశారా అని పిల్లల్ని అడిగింది. పట్టుకుని లాగి, వదిలి, మళ్లీ ముందుకి పట్టుకుంటాం కదా, కండరం లోపల కంటికి కనిపించని చేతులు కోట్ల కొద్దీ అదే పని చేస్తుంటాయట. బలం దేనికి ఖర్చవుతుంది అని అడిగితే అందరూ లాగడానికే అన్నారు. ఆవిడ నవ్వి, వదలడానికి కూడా అంది. పట్టు వదిలించుకోవాలంటే ప్రతిసారీ కొత్త బలం అందాలట. మనిషి పోయాక ఆ బలం అందదు. అందుకే కొన్ని గంటలకి శవం బిగుసుకుంటుంది. పట్టుకుంటున్నాడని కాదు నాయనా, వదలలేకపోతున్నాడు అంతే, అంది ఆవిడ.

తుడుపుకర్ర గోడకి ఆనించి బయటికి వెళ్లిపోయాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడైనా రాస్తాను. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో కర్ట్ మా ముందుగదిలోనే పోయారు. ఆస్పత్రి వాళ్లిచ్చిన మంచం పక్కన కుర్చీలో నేను ఆయన చెయ్యి పట్టుకుని నిద్రపోయాను. తెల్లారి లేచేసరికి ఆయన చల్లబడి ఉన్నారు. వేళ్లు మాత్రం నా చేతి చుట్టూ బిగిసి ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పుకుని చెయ్యి తీసుకోవలసి వచ్చింది. పోయాక కూడా నన్ను పట్టుకునే ఉన్నారని అనుకున్నాను. దేవుడు నాకు చూపించిన గుర్తు అనుకున్నాను. రెండేళ్లు దాని మీదే బతికాను.

మార్చి 19

ప్రార్థన కుదరలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

మధ్యాహ్నం పిల్లలు భోజనానికి వెళ్లాక ఊడుస్తుంటే నాలుగో బల్లకీ ఐదో బల్లకీ మధ్య నేల మీద ఒక కండ దొరికింది. జానెడుంటుంది. పైన వేలంత కండ, కింద రిబ్బను లాంటి తెల్లటి నరం, దానికి ఆకుపచ్చ దారం కట్టి ఉంది. పరీక్ష కోసం పిల్లలు దారాలు కడతారు. ఐదో బల్లకి దగ్గరగా ఉందని ఐదో బకెట్‌లో వేశాను.

నేల మీద ఏది దొరికినా డాక్టరమ్మకి చూపించాకే వెయ్యాలి. తెలుసు. ఆకలిగా ఉంది, నా తలలో ఇంకేదో ఉంది. వేసేశాను.

ఏప్రిల్ 22, మంగళవారం

ఈస్టర్ సెలవు తరవాత మొదటి రోజు. పరీక్షకి ముందు చివరి పాఠం. చేతుల గుడ్డలు విప్పారు. నాలుగో బల్ల ఆవిడకి ఎనభై ఒకటి, స్కూల్లో వంట చేసేది. గోళ్లకి లేత గులాబి రంగు ఇంకా ఉంది. ఐదో బల్ల ఆయనకి అరవై తొమ్మిది, రేవులో ఓడలకి ఇనుపరాయి ఎక్కించేవాడు.

డాక్టరమ్మ పిల్లలందరి చేత బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపించి మణికట్టు మడవమంది. మధ్యలో తాడులా ఒకటి లేస్తుంది. అది నరం కాదట, ఒక కండకి చివర. ఆ కండ కొందరికి పుట్టుకతోనే ఉండదట. లేకపోయినా లోటు ఉండదు, ఏ పనీ ఆగదు. రెండో బల్ల నుంచి అలాంటిది ఎత్తి చూపించింది. వేలంత కండ, రిబ్బను లాంటి తోక, ఆకుపచ్చ దారం.

తరవాత ఐదో బల్ల దగ్గరికి వచ్చి, ఈయన్ని చూడండి, రెండు చేతుల్లోనూ అసలు లేదు అంది.

అయితే నేను ఐదో బకెట్‌లో వేసింది ఆయనది కాదు.

నాలుగో బల్ల దగ్గర కుడిచేతిది ఏదని అడిగింది. రెన్ అనే అమ్మాయి, చాలా మంచి పిల్ల, బకెట్‌లో ఉండి ఉంటుందండీ అంది. తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి నా మణికట్టు చూసుకున్నాను. నాకు ఉంది. కర్ట్‌కి ఉండేదా? ఇరవై ఆరేళ్లు పట్టుకున్న చెయ్యి. నాకు తెలియదు.

ఏప్రిల్ 23, బుధవారం

డేల్‌కి చెప్పాను. కాఫీ పక్కన పెట్టి తలుపు మూశాడు. జానెడు కండ తల్లీ, మంటకి తెలుస్తుందా అది ఎవరిదో అన్నాడు. నువ్వు చెప్పావంటే ఇంటివాళ్లకి ఉత్తరం వెళ్లాలి. ఏమని రాస్తారు, మీ అమ్మలో కాస్త పక్కాయన దగ్గర ఉండిపోయిందనా? ఆవిడ కూతురు జన్మలో మళ్లీ నిద్రపోతుందా? నీ ఉద్యోగం సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ దేవుడికి అన్నీ తెలుసంటావు కదా, ఎవరి ముక్క ఎవరిదో ఆయనే ఏరుకుంటాడులే అన్నాడు. జోకులా లేదు. నన్ను కాపాడదామనే అన్నాడు.

ఏప్రిల్ 24, గురువారం

బకెట్లకి మూతలు పెట్టి టేపు అంటించారు. మూతలు పట్టుకుని అందించింది నేనే. సోమవారం పదింటికి దహనానికి తీసుకెళ్లే వ్యాన్ వస్తుంది.

ఏప్రిల్ 26, శనివారం

వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతుంటే ఆ గులాబి గోళ్లే కనిపించాయి. ఈ ఊళ్లో స్కూళ్లు ఎన్నని. నేను చిన్నప్పుడు ఆవిడ చేతి సూప్ తాగే ఉంటాను. నా ట్రేలో రొట్టె పెట్టిన చెయ్యేమో. వేలు తెగింది.

ఏప్రిల్ 27, ఆదివారం

పిడికిలి ఇన్నాళ్లూ నిద్రలోనే బిగుసుకునేది. ఇవాళ చర్చిలో, మెలకువగా ఉండగా బిగుసుకుంది. ప్రభు భోజనానికి ముందుకు వెళ్లి మోకరించాను. చేతులు చాపాను. ఎడమ చెయ్యి తెరుచుకుంది, కుడి చెయ్యి తెరుచుకోలేదు. పాస్టర్ రొట్టె పట్టుకుని ఆగారు. అరచెయ్యి చాపమ్మా అన్నారు మెల్లగా. నా చెయ్యి నా మాట వినలేదు. నా వెనక వరసంతా ఆగిపోయింది. చివరికి ఆయన ఎడమ చేతిలోనే పెట్టారు. నోట్లో పెట్టుకున్నాను. లేచి నా చోటుకి వచ్చేశాను.

వదలడానికి బలం కావాలని చెప్పిందిగా డాక్టరమ్మ.

ఏప్రిల్ 28, సోమవారం

ఏడింటికి డాక్టర్ ఓస్బీ గది ముందు నిలబడ్డాను. లోపల అప్పటికే రెన్ ఉంది, ఏడుస్తోంది. కండ కిందపడినప్పుడు ఆ అమ్మాయి చూసిందట. భోజనమయ్యాక తీద్దామనుకుందట. వచ్చేసరికి లేదు. అడిగితే మార్కులు పోతాయని ఊరుకుంది. నేను నా సంగతి చెప్పాను. డాక్టరమ్మ మా ఇద్దరినీ తిట్టలేదు. చేతి గడియారం చూసి, వ్యాన్ రావడానికి ఇంకా మూడు గంటలుంది, పదండి అంది.

టేపు కోసింది డేల్. తెల్లటి షీటు పరిచాడు, తొడుగులు ఇచ్చాడు. నలుగురం ఐదో బకెట్‌లో ఉన్నదంతా పిడికెడు పిడికెడుగా తీసి పరిచాం. ఓడలకి రాయి మోసిన మనిషి అంతా అక్కడ ఉన్నాడు. తొమ్మిదింపావుకి రెన్ చేతికి ఆకుపచ్చ దారం తగిలింది. డాక్టరమ్మ తిప్పి తిప్పి చూసింది. నాలుగో బల్ల ఆవిడదే అంది. తీసుకెళ్లి నాలుగో బకెట్‌లో వేసింది నేను. ఆమెకి క్షమాపణ చెప్పాను, పైకే. ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ ల్యాబ్ పుస్తకంలో జరిగింది రాసి మా ఇద్దరి చేతా సంతకం పెట్టించింది. నాలుగో బల్ల ఆవిడ కూతురికి తానే ఫోను చేస్తానంది. ఆమె అడగకపోయినా చెబుతాను, అది ఆమె హక్కు అంది. నా ఉద్యోగం సంగతి కమిటీ చూస్తుందట.

చేతులు కడుక్కునే దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. పోయినవాళ్ల చెయ్యి మన చేతిని పట్టుకుంటుందా అని. నా ముఖం చూసి ఆవిడ కుళాయి కట్టేసింది. పట్టుకోదు కార్లా, బిగుసుకునేముందు ఎలా ఉందో అలా ఉండిపోతుంది, అంతే అంది. మీ చేతిని పట్టుకుని ఉంటే మాత్రం అది ఆయన బతికుండగానే పట్టుకున్నది, అది మీదే అంది. నాకు మంచి చెయ్యాలనే అంది.

థాంక్స్ చెప్పి వచ్చేశాను.

ఏప్రిల్ 29

కర్ట్ నా చెయ్యి పట్టుకోలేదు. ఆ సాయంత్రానికే ఆయన చేతుల్లో సత్తువ లేదు. చెయ్యి జారిపోతుంటే ఆ వేళ్లని ఒక్కొక్కటిగా నా చేతి చుట్టూ మడిచింది నేనే. మడిచి, ఊడిపోకుండా పైన నా రెండో చెయ్యి పెట్టుకుని పడుకున్నాను. తెల్లారి లేచి మరిచిపోయాను. మరిచిపోయానని రాస్తున్నాను. దేవుడికి తెలుసు.

మే 1, ఉదయం 5.30

చెయ్యి తెరుచుకుని ఉంది.

దుప్పటి మీద వెల్లకిలా పడి ఉంది. చాలాసేపు చూశాను. మళ్లీ వేళ్లు మడుద్దామని చూశాను, నిలవలేదు.