హంపమ్మ పాతర

నల్లచేలపల్లె,
మాఘమాసం, 1984

మా ఉచ్చెంగెప్పకు, అక్క ప్రేమతో రాసేది.

నీ కొడుకును బడిలో ఊరి చరిత్ర రాసుకు రమ్మన్నారని అడిగావు. పట్నం కంటోన్మెంట్‌లో కూర్చున్న తమ్ముడు దొరవారికి ఇన్నాళ్లకు గుర్తొచ్చింది ఊరు! రాసుకోమను. మన పెద్దలు ఈ నల్లరేగడి చూసి ఆగారు. చెట్టూ లేదు, గుట్టా లేదు, కనుచూపు మేర చేలే. ఇళ్లకంటే ముందు, జొన్నలు దాచుకోవడానికి నేలలో పాతరలు తవ్వారు. కరువొస్తే ఎవరి పాతరలో గింజ ఉన్నా అది ఊరందరిదీ. అంతే చరిత్ర.

మిగతాది పిల్లవాడికి చెప్పొద్దు. పెద్ద కరువులో గింజ మిగిలింది మా పాతరలోనే. మూత తీశాక దీపం దించి చూడాలి. ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్టు, అది పోయేదాకా ఆగాలి. దీపం ఆరింది. ఊళ్లో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారని మీ బావ ఆగలేదు, దిగాడు. ముందు ఆయన్ను తీశారు, తర్వాత గింజలు తీశారు. ఆ జొన్నలతోనే ఊరు బతికింది. నేను మాత్రం ఆనాటి నుంచి జొన్నరొట్టె ముట్టలేదు. తిన్నవాళ్లు నాతో ఒక్క మాటైనా అనకుండా కాలువ నీళ్లు చూసుకుని కురుగోడు వైపు వెళ్లిపోయారు. ఇప్పుడు మిగిలింది నేనూ, కూలిన గోడలూ. మొన్న మా పాతర మూతబండ విరిగి దూడ పడింది. పూడుస్తామని ఆ వెళ్లినవాళ్లే కబురు పెట్టారు. నేనుండగా పూడ్చనివ్వను. నీ దగ్గరికీ రాను. విసిగిపోయానురా, మళ్లీ అడగకు.

మీ అక్క,
హంపమ్మ


నల్లచేలపల్లె,
ఉగాది ముందు

ఒరే తమ్ముడూ,

నిన్న మట్టి ట్రాక్టర్‌తో పాటు పాత ఊరంతా దిగింది. తిట్టడానికే బయటికొచ్చాను. చూస్తే అందరి ఒళ్లోనూ జొన్నలు. ఖాళీ పాతరను పూడ్చడం మనలో లేదు కదా, అడుగున గింజ పడాలి. తలా గుప్పెడు పోశారు. మా పక్కింట్లో ఉండిన ఎల్లక్క నా ముందు కూలబడింది.

"వదినా, మా జంబన్న పానమిచ్చిన జొన్నలు తిని నా బిడ్డలు బతికిరి. నీ మొగం చూడల్యాకనే ఈడ్నించి పోతిమి. ఏమని చెప్పేది?"

"ఇన్నేండ్లు యాడ దాచి పెట్టుకుంటివే ఈ మాట?" అన్నాను. కోపంగానే అన్నాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

పూడ్చే ముందు దీపం నేనే దించాను. ఆరలేదు. "పోయండప్పా" అన్నాను.

ఎల్లక్క ఒళ్లో మిగిలిన జొన్నలు తిరగట్లో విసిరి రొట్టెలు కాల్చాను. తిన్నాను. మిగిలినవి మూటగట్టి శుక్రవారం బస్సుకు వస్తున్నాను. పిల్లవాణ్ణి ఆ చరిత్ర అప్పుడే ఇచ్చేయొద్దను. వాళ్ల మామ సంగతి నేను చెబుతాను, రాసుకుంటాడు.

బయల్దేరుతున్న
మీ అక్క