నీ పళ్లెంలో సద్ది

చిన్నవ్వా,

పొద్దున బతుకమ్మ పేరుస్తుంటే తంగేడు పుప్పొడి వేళ్లకు అంటింది. నువ్వు చనిపోయాక వచ్చిన మొదటి పండుగ ఇది.

పోలీసు యాక్షన్ ఏట తుపాకులవాళ్లు నిన్ను పట్టుకుపోయి, చెరిచి వదిలేశాక, వాడలో ఎవరూ నీ చేతి బతుకమ్మ సద్ది ప్రసాదం తీసుకోలేదు. ఏటా నువ్వు కలిపేదానివి. మన ఇంట్లోవాళ్లమే తినేవాళ్లం. ఈసారి నువ్వుల సద్ది నీ పళ్లెంలోనే పెట్టుకుని వాగు దగ్గరికి వెళ్లాను.

"గీ పళ్లెం ఎవరిదే, పిల్లా?" సద్దికి చేయి చాస్తూ ఒకామె అడిగింది.

"చిన్నవ్వది."

చాచిన చేతులు వెనక్కి పోయాయి. పక్కింటి లచ్చవ్వ ఒక్కతే దోసిలి పట్టింది.

"నాకు పెట్టు, బిడ్డా. గా దినం నన్ను గడ్డివాములకు నూకి, అది వాళ్లకు ఎదురువోయింది. ఇన్నేండ్లు నేను నోరు తెరవకపోతి."

పెట్టాను. అందరి ముందూ నిలబడి తిన్నది.

ఆ గడ్డివాములో, లచ్చవ్వ ఒళ్లో, చిన్నపిల్లనై నేనూ ఉన్నాను.